తిన్నని కోల

కడప సీమలో చెయ్యేటి ఒడ్డున, నందలూరుకు సమీపంలో పొత్తపి అనే గ్రామం ఉన్నది. ఈనాడది చిన్న పల్లె. మధ్యయుగాలలో మాత్రం చుట్టుపట్ల ప్రాంతమంతా ఆ ఊరి పేరుమీదనే పొత్తపినాడుగా ప్రసిద్ధి పొందింది. తెలుగు చోడులలో ఒక శాఖవారు పొత్తపి చోడులనిపించుకొన్నారు. పడమట పాలకొండలు, తూర్పున వెలికొండలు, దక్షిణాన శేషాచల శ్రేణి ఈ నాటికి పెట్టనికోటలు. వాన తక్కువ. వేసవి వచ్చిందంటే ఏటిలో ఇసుకే గాని నీరు కానరాదు. కొండలమీద ఎర్రచందనం, వెదురు, ముళ్లపొదలు. కొండల అంచున చిన్నచిన్న చేలు. ఆ చేలమీద పడే అడవిపందులను, దుప్పులను అదుపుచేయగల విలుకాడు లేని ఊరు పూర్వకాలంలో బతికి బట్టకట్టలేదు.

అటువంటి ఊళ్లలో ఒకటి ఉడుమూరు. ఉడుము పేరుమీద వెలసిన ఊరని తెలుగు చెవికి ఇట్టే తోస్తుంది. రాజంపేట సమీపంలోని ఊటుకూరే ఆనాటి ఉడుమూరని అక్కడివారి విశ్వాసం. శైవ భక్తలోకం కన్నప్ప అని కొలిచే తిన్నడు పుట్టింది ఆ ఉడుమూరిలోనే.

తిన్నడు ఏ శతాబ్దివాడో నిర్ణయించే శాసనం లేదు. కాని క్రీ.శ. ఏడవ శతాబ్ది నాటికే అప్పర్, జ్ఞానసంబంధర్ అనే తమిళ భక్తకవులు తమ పాటలలో అతనిని స్మరించారు. కనుక అతని కథ పదమూడు వందల ఏండ్లకు పైబడినది. పన్నెండవ శతాబ్దిలో చోళరాజుల కొలువులో ఉన్నతోద్యోగం చేసిన సేక్కిళార్ అరవైముగ్గురు నాయనార్ల చరిత్రలను పెరియ పురాణంగా రచిస్తూ తిన్నని కథను ఎంతో విస్తరించి చెప్పాడు. తెలుగులో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఈ కథను ద్విపదలో పాడాడు. శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాలలో ఒకడుగా పేరొందిన ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో దీనిని ప్రబంధశైలిలో తీర్చిదిద్దాడు. ముగ్గురు చెప్పిన తీరులూ మూడు విధాలు. కథ నడకకు ఇక్కడ సేక్కిళార్‌నే ప్రధానంగా అనుసరించడం జరిగింది.

తిన్నని తండ్రి నాగుడు ఉడుమూరి వేటగాండ్రకు నాయకుడు. తల్లి పేరు తత్త. చాలాకాలం సంతానం లేక, కుమారస్వామికి మొక్కుకొన్న మీదట వారికి కొడుకు పుట్టాడు. పసివాడిని ఎత్తుకొన్న తండ్రికి వాడు బరువుగా, గట్టిగా తోచాడట. తమిళంలో తిణ్ అంటే దృఢత్వం. కనుక ఆ పిల్లవాడు తిణ్ణన్ అయ్యాడని పెరియ పురాణం చెప్పే కారణం. తెలుగువాడికి మాత్రం ఆ పేరు వినగానే తిన్నన అనే మాట స్ఫురిస్తుంది. తిన్ననిది అంటే వంకర లేనిది. విలుకాని ఇంట పుట్టిన బిడ్డకు ఇంతకన్న తగిన పేరు వెతికినా దొరకదు. వ్యుత్పత్తి తమిళానిదే కావచ్చు. సార్థకత మాత్రం తెలుగులోనే ఎక్కువ.

పిల్లవాడు ఈడేరగానే నాగుడు విలువిద్యా గురువులను పిలిపించి, మంచి ముహూర్తం చూచి, చేతికి విల్లు పట్టించాడు. ఊరంతా ఆ వేడుకలో పాల్గొన్నది. అక్షరాభ్యాసం చేయించే వారికి పలక ఎంతో వేటగాండ్రకు విల్లు అంత. పెరియ పురాణం ఈ ఉత్సవాన్ని తప్పెటలతో, కొమ్ములతో కన్నులకు కట్టిస్తుంది. కవులకు వేడుకమీద ఉన్నంత మక్కువ పనిమీద ఉండదు గనుక, ఆ తరువాత తిన్నడు ఏమేమి నేర్చుకొన్నాడో వారు అంతగా వివరించలేదు. ఆ లోటును వసిష్ఠుని పేరుమీద ప్రచారంలో ఉన్న ధనుర్వేద సంహిత, అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం కొంతవరకు తీరుస్తాయి. మిగిలినది వెదురు విల్లు పట్టిన ప్రతి జాతీ పని చేస్తూ నేర్చుకొన్నదే.

విల్లు వంచడం కండబలమున్న ఎవరికైనా సాధ్యమే. బాణాన్ని ఆ వింటికి సరిపడేటట్లు తీర్చడమే అసలు విద్య. అన్నింటికన్న ముందు కోలను ఎన్నుకోవాలి. లేత వెదురు ఎండితే ముడుచుకొంటుంది. ముదిరి పగులువారినది దెబ్బకు చీలుతుంది. బాగా పండి, లేత పసుపురంగు తేలి, కణుపులు నిండుగా ఉన్న కోలను తీసుకోవాలని ధనుర్వేదం చెబుతుంది. కోల లావు చిటికెనవేలంత. పొడవు రెండు హస్తాలకు పిడికెడు తక్కువ. ఈ కొలతలన్నీ మనిషి చేతినుండి పుట్టినవే. పొడుగుచేతులవాడు నారిని ఎక్కువ దూరం లాగుతాడు, వాడికి పొడుగు బాణం కావాలి. అతని చేతికొలతే అతని బాణానికి కొలత. కొలకర్ర లేని అడవిలో ఇంతకన్న నమ్మదగిన కొలత మరొకటి లేదు.

కోసి తెచ్చిన కోల పుట్టుకతో తిన్నగా ఉండదు. నీడన ఆరబెట్టి, నిప్పు సెగమీద తిప్పుతూ, వంకర ఉన్నచోట వేడెక్కగానే వ్యతిరేక దిశకు వంచి చల్లారేవరకు పట్టి ఉంచాలి. మళ్లీ ఒక కన్ను మూసి, కోల వెంబడి చూపు సారించి, మిగిలిన వంకను పట్టుకోవాలి. ఒక్క కోలకు ఇది పదిసార్లయినా చేయవలసివస్తుంది. ఈ పనిలోని ఏకాగ్రత ఎంతటిదో భాగవత ఏకాదశ స్కంధం చదివినవారికి తెలుసు. అవధూత చెప్పిన ఇరవైనలుగురు గురువులలో శరకారుడు ఒకడు. బాణాన్ని తిన్నగా చేయడంలో మునిగిన అతనికి, పక్కనుండి మేళతాళాలతో రాజు ఊరేగి పోయినా తెలియలేదు. వేదాంతులు ఈ కథను ధ్యానానికి ఉదాహరణగా గ్రహించారు. బాణాలు చేసేవారికి అందులో వింత ఏమీ కనబడి ఉండదు.

కోల సిద్ధమైన తరువాత ములికి. ఇనుప ములుకులకు కమ్మరి కొలిమి దిక్కు. కోల కొనను చీల్చి, ములికి తోకను అందులో దూర్చి, నారతోనో నరంతోనో బిగించి చుట్టి, జిగురు పూస్తారు. ములికి బరువు ఎంత ఉండాలన్నది రుచికి సంబంధించిన విషయం కాదు. ధనుర్వేదం బాణాలను మూడు జాతులుగా విభజించింది. ముందుభాగం బరువైనది స్త్రీ, వెనుకభాగం బరువైనది పురుషుడు, సమంగా ఉన్నది నపుంసకం. మొదటిది దూరం పోతుంది, రెండవది గట్టిగా భేదిస్తుంది, మూడవది గురిపెట్టి కొట్టడానికి ప్రశస్తం అని ఆ గ్రంథం అంటుంది. పేర్ల సంగతి ఎలా ఉన్నా, బరువు ఎక్కడ ఉన్నదన్న దానిమీద బాణం నడక ఆధారపడుతుందని గుర్తించడం మాత్రం మెచ్చదగినది.

బాణం వెనుక ఈకలున్న భాగాన్ని తెలుగులో పింజ అంటారు. హంస, క్రౌంచం, నెమలి, గద్ద మొదలైన పక్షుల ఈకలు, ఒక్కొక్కటి ఆరంగుళాల పొడవున, బాణానికి నాలుగేసి చొప్పున కట్టాలని శాస్త్రం. పక్షి కుడిరెక్క ఈకకు ఒక వంపు, ఎడమరెక్క ఈకకు మరొక వంపు ఉంటుంది. ఒకే రెక్క ఈకలను కడితే బాణం గాలిలో ఒకే దిక్కుకు తిరుగుతూ నిలకడగా పోతుంది. రెండు రెక్కల ఈకలను కలగలిపితే ఒకదాని పని మరొకటి చెడగొడుతుంది. పింజ చేసే పని ఓడకు చుక్కాని చేసే పనివంటిది. అయితే పెద్ద పింజ గాలిని ఎక్కువగా అడ్డుకొని బాణం వేగాన్ని తగ్గిస్తుంది. తప్పుగా చేసిన కోలను పెద్ద పింజ కొంత దిద్దగలదు. దానికి మూల్యం దూరం.

నారి విషయంలో రాయలసీమ అదృష్టవంతురాలు. మూర్వ అనే మొక్క నారతో చేసినది గనుక వింటినారికి మౌర్వి అని పేరు వచ్చింది. ఆ మూర్వనే తెలుగులో చాగ అంటారు. జిల్లేడు నార కూడా నారికి పనికివస్తుందని, భాద్రపదమాసంలో తీసినది మేలని ధనుర్వేదం చెప్పింది. ఈ సీమలో ఏ పంట పండినా పండకపోయినా జిల్లేటికి లోటు లేదు.

ఇన్నీ చేసి, ఎంతో తిన్నగా తీర్చిన బాణం కూడా ఒక వింటినుండి సూటిగా పోయి, మరొక వింటినుండి పక్కకు పోవడం ప్రతి విలుకాడికీ అనుభవమే. ఇందుకు కారణం వింటి నిర్మాణంలోనే ఉన్నది. సంప్రదాయ ధనుస్సు కర్రలో బాణం దూరిపోవడానికి సందు ఉండదు. బాణం కర్రకు పక్కన ఆని ఉంటుంది. నారి మాత్రం వింటి నడిమి భాగానికే తిరిగి వస్తుంది. అంటే నారిని లాగి పట్టినప్పుడు గురివైపు చూస్తున్న బాణం, నారి విల్లును సమీపించేకొద్దీ పక్కకు తిరగాలి. లెక్క ప్రకారం అది గురి తప్పాలి. కాని తప్పదు! అమెరికాలో విలువిద్యను పరిశోధించినవారు ఈ వింతకు ఆర్చర్స్ పారడాక్స్ అని పేరుపెట్టారు. అలంకారశాస్త్రం చదివినవారు దీనిని విరోధాభాసం అంటే సరిపోతుంది. పైకి విరోధంగా కనిపించి, ఆలోచిస్తే విరోధం తొలగిపోవడమే గదా ఆ అలంకారం.

ఆ విరోధాన్ని తొలగించిన వాడు క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు. 1930 దశకంలో అతడు అతివేగంగా చిత్రాలు తీసే కెమేరాతో, విల్లు విడిచే బాణాన్ని చిత్రించి చూపాడు. బాణం కర్రలాగా బిగుసుకొని పోవడం లేదు. నారి వెనుకనుండి తోయగానే అది విల్లులాగానే వంగుతుంది, తిరిగి రెండవ వైపుకు వంగుతుంది, ఇలా చేపవలె మెలికలు తిరుగుతూ వింటికర్రను తాకకుండా చుట్టివచ్చి, కొంతదూరం పోయిన తరువాత కుదురుకొని గురిదారిని పట్టుకొంటుంది. కంటికి కనిపించనంత త్వరగా ఇదంతా జరిగిపోతుంది. తిన్నగా పోవడానికి తిన్నని బాణం వంగి తీరాలన్నమాట.

ఎంత వంగాలి అన్నదే ప్రశ్న. అది వింటి బలాన్ని బట్టి ఉంటుంది. బలమైన వింటికి బిరుసైన కోల, మెత్తని వింటికి మెత్తని కోల కావాలి. వింటికి ఎడమవైపున బాణాన్ని ఆనించి వేసే కుడిచేతివాటం విలుకాడిని తీసుకొందాం. కోల ఉండవలసిన దానికన్న బిరుసుగా ఉంటే చాలినంత వంగక, వింటికర్ర తోపుకు ఎడమపక్కకు పోతుంది. మరీ మెత్తనిదైతే ఎక్కువ వంగి కుడిపక్కకు పోతుంది. గట్టుకు వేసిన నాలుగు బాణాలూ ఒకే పక్కకు పోతే తప్పు చేతిది కాదు, కోలది అని అనుభవజ్ఞుడు గ్రహిస్తాడు. బిరుసు కోలను కొద్దిగా గీకి సన్నం చేయవచ్చు, లేదా కొంచెం బరువైన ములికి తొడగవచ్చు; ముందు బరువు పెరిగినకొద్దీ కోల ఎక్కువ వంగుతుంది. మెత్తని కోలను వేలెడు కురచ చేస్తే బిరుసెక్కుతుంది, ములికి బరువు తగ్గించినా అంతే. బాణం పక్కలకు కాక పైకి కిందికి ఊగుతూ పోతే, నారిమీద బాణాన్ని ఆనించే చోటును కాస్త మార్చి చూడాలి. ఇవన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒకటి మార్చి, మూడు నాలుగుసార్లు వేసి చూచి, తరువాతనే రెండవదాని జోలికి పోవాలి. తొందరపడేవాడు మంచి కోలను గీకి గీకి పుల్ల చేసుకొంటాడు.

మరొక చిక్కు ఉన్నది. విల్లు కూడా ఎప్పుడూ ఒకేరీతిగా ఉండదు. ఎక్కుపెట్టి వదిలేస్తే కర్ర ఆ వంపుకే అలవాటుపడి బలం తగ్గుతుంది. అందుకే పని ముగియగానే నారిని దించుతారు. నిన్న వింటికి తగిన బాణం, వారం రోజులు ఎక్కుపెట్టి ఉంచిన అదే వింటికి తగకపోవచ్చు.

ఈ విద్య పుస్తకాలలోకి పోకుండా చేతులలోనే బతికినచోటు కర్నూలు సీమకు ఆనుకొని ఉన్న నల్లమల. అక్కడి చెంచుల జీవితాన్ని దగ్గరనుండి చూచిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వారిపై గొప్ప గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ కాలంలో చెంచు పురుషునికి విల్లంబులు నిత్యసహచరాలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట నిషిద్ధమైంది. విల్లు మాత్రం పూర్తిగా అటకెక్కలేదు. అహోబిల నారసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడిన అల్లుడని చెంచుల నమ్మకం. సంక్రాంతి తరువాత స్వామి పల్లకి ఊరూరా తిరిగే పారువేట ఉత్సవంలో చెంచులు విల్లంబులతో వచ్చి, పల్లకివైపు బాణం వేసి తమ అల్లునికి గౌరవం తెలుపుకొంటారు. తిన్నడిని బోయలు తమవాడంటారు, చెంచులూ తమవాడంటారు. వేటలో మెలగిన జాతులన్నింటికీ అతనిమీద హక్కున్నది.

ఉడుమూరిలో ఈ విద్య అంతా నేర్చుకొని తిన్నడు పదహారేండ్లవాడయ్యాడు. నాగునికి వార్ధక్యం వచ్చింది. కొండచేలపై మృగాలు పడి పైరును పాడుచేస్తున్నవని వేటగాండ్రు వచ్చి మొరపెట్టుకొన్నారు. తాను వేటకు పోలేనని గ్రహించిన తండ్రి, ఊరి పూజారిణిని పిలిపించి, ఆమె దీవెనతో కొడుకును నాయకుని చేశాడు. మరునాడు తెల్లవారకముందే తిన్నడు తొలివేటకు బయలుదేరాడు. వలలు పన్నారు, కుక్కలను వదిలారు. గర్భంతో ఉన్నవాటిని, పిల్లలను కొట్టకుండా వేటాడారని సేక్కిళార్ ప్రత్యేకించి చెప్పాడు. అడవిమీద బతికేవాడికి అది దయ మాత్రమే కాదు, వచ్చే ఏటి తిండి కూడా.

ఆ సందడిలో ఒక మహావరాహం వలలు తెంచుకొని పరుగుతీసింది. తిన్నడు వెంటబడ్డాడు. నాణుడు, కాడుడు అనే ఇద్దరు తోటివారు తప్ప మిగిలినవారు వెనుకబడిపోయారు. ఎంతోదూరం పోయిన తరువాత అలసి చెట్టునీడన నిలిచిన పందిని అతడు చేరుకొన్నాడు. చిత్రమేమంటే, ఇంతటి విలుకాడు దానిని బాణంతో కొట్టలేదు. దగ్గరకు ఉరికి చురకత్తితో నరికాడు. అప్పటికి ముగ్గురికీ ఆకలి, దప్పిక. దగ్గరలో స్వర్ణముఖి పారుతున్నదని నాణుడు చెప్పాడు. ఏటికి ఆవల కొండ కనిపించింది. దానిమీద దేవుడున్నాడని విని తిన్నడు ఎక్కిపోయాడు. అదే శ్రీకాళహస్తి.

ధూర్జటి కావ్యంలో ఇక్కడి కథ కొంత మారుతుంది. అందులో అలసి నిద్రించిన తిన్ననికి స్వప్నంలో శివానుగ్రహం కలుగుతుంది. లింగాన్ని చూచిన తరువాత, ఈ అడవిలో ఒంటరిగా ఎందుకుండాలి, మా ఉడుమూరికి వచ్చి ఉండమని శివుణ్ణి బతిమాలుకొంటాడు. తమ ఊళ్లో దొరికే మాంసాలను, పండ్లను, ధాన్యాలను పేరుపేరునా చెప్పి ఆశ పెడతాడు. తెలుగు కావ్యాలలో భక్తుడు దేవుణ్ణి తన ఊరికి చుట్టంలాగా పిలిచిన ఘట్టాలు ఇంత అందంగా ఎక్కువ లేవు.

దేవుడు రాలేదు. తిన్నడే ఉండిపోయాడు. పంది మాంసాన్ని కోలకు గుచ్చి నిప్పుమీద కాల్చి, మెత్తగా ఉన్నదో లేదో కొరికి చూచి, రుచిగా ఉన్న ముక్కలను ఆకుదొన్నెలో పెట్టుకొన్నాడు. చేతులు ఖాళీగా లేవు గనుక నీటిని పుక్కిట పట్టాడు, పూలను తలలో తురుముకొన్నాడు. లింగంమీది పాత పూలను చెప్పుకాలితో తొలగించి, పుక్కిటి నీటితో అభిషేకించి, తలలోని పూలు విదిల్చి, మాంసాన్ని నివేదించాడు. రాత్రయింది. కొండమీద క్రూరమృగాలు తిరుగుతాయి, దేవునికి తోడెవరూ లేరు. తిన్నడు విల్లు చేతబట్టి తెల్లవార్లూ కావలి నిలిచాడు. కావలివాని విల్లు నారి దించి ఉండడానికి వీలులేదు. రాత్రులు గడిచినకొద్దీ వింటి బలం తరుగుతుందని ఎరిగినవాడే. ఆ లెక్క అతడు వేయలేదు.

తెల్లవారి అతడు వేటకు పోగానే శివగోచర్యుడనే అర్చకుడు వచ్చాడు. ఎముకలు, మాంసం చూచి కుమిలిపోయి, అంతా శుభ్రంచేసి, ఆగమవిధితో పూజచేసి వెళ్లాడు. సాయంకాలానికి తిన్నడు వచ్చి ఆ పూజను తొలగించి తన పూజ చేశాడు. ఇలా అయిదు రోజులు సాగింది. నాణుడు, కాడుడు పోయి ఉడుమూరిలో చెప్పగా తలిదండ్రులు వచ్చి బతిమాలారు. పిచ్చిపట్టిందనుకొని తిరిగిపోయారు. ముసలితనంలో నాయకత్వం అప్పగించిన కొడుకు మొదటి వేటనుండే తిరిగిరాకపోతే నాగుని గతి ఏమైందో, చేలను ఎవరు కాపాడారో పురాణం చెప్పదు. ఉడుమూరివైపునుండి చూస్తే ఈ కథలో ఆ దుఃఖం కూడా ఉన్నది.

అయిదవ రాత్రి అర్చకుని కలలో శివుడు కనబడి, ఆ వేటగాని పుక్కిటి నీరు తనకు గంగకన్న పవిత్రమని తెలిపి, మరునాడు చాటున దాగి చూడమన్నాడు.

ఆరవనాడు తిన్నడు మాంసంతో వచ్చేసరికి లింగం కుడికంటినుండి రక్తం కారుతున్నది. చేతిలోని పూలు, మాంసం, విల్లంబులు నేలపాలయ్యాయి. తేరుకోగానే అతడు మొదట చేసినది విలుకాడు చేయవలసిన పనే. పడిపోయిన విల్లు తీసుకొని, బాణాలు ఏరుకొని, ఈ పనిచేసినది మృగమా, పగవాడైన వేటగాడా అని కొండంతా గాలించాడు. ఎవరూ కనిపించలేదు. పుట్టినప్పటినుండి నేర్చిన విద్యకు ఎదుట గురి లేకుండా పోయింది. తిరిగివచ్చి లింగాన్ని కౌగిలించుకొని ఏడ్చాడు. అడవిలో గాయాలకు వాడే మూలికలు పరుగున తెచ్చి పిండి పోశాడు. రక్తం ఆగలేదు. అప్పుడు వేటగాండ్రలో వాడుకలో ఉన్న వైద్యం ఒకటి గుర్తువచ్చింది: మాంసానికి మాంసమే మందు. కంటికి కన్నే మందు కావాలి.

ఎడమచేత విల్లు పట్టి, కుడిచేత నారిని లాగే విలుకానికి కుడికన్నే గురి. కోల వంకను కనిపెట్టేది, బాణం కొననుండి లక్ష్యానికి దారి వేసేది ఆ కన్నే. సెగమీద కోలను తిప్పుతూ గడిపిన బాల్యమంతా ఆ ఒక్క కంటిని ఆధారం చేసుకొన్నది. తిన్నడు అంబులపొదినుండి ఒక బాణం తీసి, నారికి తొడగకుండా, చేతితోనే దాని ములికిని తన కంటివైపు తిప్పుకొన్నాడు. కన్ను పెకలించి లింగం కంటిపై ఉంచగానే రక్తం ఆగిపోయింది. అతడు ఆనందంతో భుజాలు చరచుకొని గంతులు వేశాడు. కవులందరూ ఈ గంతులను తప్పక వర్ణించారు. బాధను వర్ణించినవారు లేరు.

అంతలో ఎడమకంటినుండి రక్తం మొదలైంది. ఇప్పుడు మందు తెలుసు గనుక అతనికి భయం లేదు. చిక్కల్లా ఒక్కటే: రెండవ కన్నూ పోతే, ఉంచవలసిన చోటు కనబడదు. అందుకని తన ఎడమపాదాన్ని లింగం కంటిమీద ఆనించి గుర్తుపెట్టుకొన్నాడు. పాదం పెట్టడం అపచారమని చూచేవారికి తోచవచ్చు. అతనికది గురి కుదుర్చుకోవడం. బాణాన్ని రెండవ కంటికి ఆనించేసరికి లింగంనుండి చేయి వచ్చి అతని చేతిని పట్టుకొని ఆపింది. శివుడు అతనిని కన్నప్ప అని పిలిచి తన కుడిపక్కన నిలుపుకొన్నాడు. చాటున ఉన్న శివగోచర్యుడు అంతా చూచాడు. ఉడుమూరి తిన్నని పేరు అక్కడితో మరుగుపడింది.

తెలుగునాట తోలుబొమ్మలాటలు, హరికథలు, వీధినాటకాలు ఈ కథను తరతరాలుగా చెప్పుకొంటూ వచ్చాయి. 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజు నటించిన భక్త కన్నప్ప చలనచిత్రం దీనిని కొత్తతరానికి చేర్చింది. శిల్పాలలోనూ, పటాలలోనూ కన్నప్ప ఒకే భంగిమలో కనిపిస్తాడు. ఒక పాదం లింగంమీద, చేతిలో బాణం, దాని ములికి తనవైపు.

శ్రీకాళహస్తిలో ప్రధానాలయానికి దక్షిణంగా ఉన్న కొండమీద కన్నప్ప గుడి ఉన్నది. మహాశివరాత్రికి జరిగే బ్రహ్మోత్సవాలలో తొలి ధ్వజం కాళహస్తీశ్వరుని ముంగిట ఎగరదు. అర్చకులు ముందుగా ఆ కొండ ఎక్కి కన్నప్ప గుడివద్ద ధ్వజారోహణం చేస్తారు. మరునాడే స్వామివారి ధ్వజస్తంభం వంతు.